తోక ముంచి నిలబడే ఓడ: ఐఎన్ఎస్ జలాశ్వ తొలి ఏళ్ల కథ

ఓడలోకి నీళ్లు వస్తున్నాయంటే ఏ సిబ్బందికైనా టెన్షనే. మన నౌకాదళం ఓడ ఐఎన్ఎస్ జలాశ్వలో మాత్రం ఆ నీళ్లను కావాలనే రానిస్తారు. తీరానికి కాస్త దూరంలో ఓడను నిలిపి, అడుగున ఉన్న బ్యాలస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీరు ఎక్కిస్తారు. వెనుక భాగం మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు వెనుక గేటు తెరిస్తే సముద్రం ఓడ కడుపులోకి వచ్చేస్తుంది. దాదాపు 51 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న ఆ గదిలో అప్పటిదాకా నేల మీద కూర్చున్న పడవలు నీళ్లలో తేలతాయి. ఆ పడవల్లోనే యుద్ధ ట్యాంకులూ, లారీలూ, జవాన్లూ ఎక్కి ఉంటారు. పడవలు ఒక్కొక్కటీ వెనక్కి జారి బయటికొచ్చి తీరం వైపు సాగుతాయి. పని అయ్యాక బ్యాలస్ట్ ట్యాంకుల్లోని నీటిని బయటికి తోసేస్తే ఓడ మళ్లీ పైకి లేస్తుంది. ఆ గదిని నౌకాదళంలో వెల్ డెక్ అంటారు. జలాశ్వను 'ల్యాండింగ్ ప్లాట్‌ఫామ్ డాక్' అనే తరగతి ఓడగా నిలబెట్టేది ఇదే.

పేరు కూడా అతికినట్టు సరిపోయింది. జలాశ్వం అంటే నీటి గుర్రం, మనం జూలో చూసే హిప్పోపొటమస్. సగం నీళ్లలో సగం పైన ఉండే జంతువు అది. పైగా చూడ్డానికి మొద్దులా ఉన్నా బరువైన పని చేసే రకం.

ఈ ఓడ వైజాగ్‌కు రాకముందు 36 ఏళ్లు అమెరికా జెండా కింద తిరిగింది. కాబట్టి 'తొలి సర్వీసు' అనే మాట దీనికి రెండుసార్లు వాడాలి. అమెరికాలో ఒక యవ్వనం, ఇక్కడ మలి వయసులో మరో ఆరంభం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. శత్రువు తీరం మీద సైన్యాన్ని దించడానికి కట్టిన ఈ ఓడకు ఎక్కువ పేరు తెచ్చినవి చిక్కుకుపోయిన మనుషుల్ని బయటికి మోసుకొచ్చిన సందర్భాలు. 2007 నాటి దాని కొనుగోలు మీద మన దేశంలో జరిగిన గొడవంతా ఈ విషయాన్ని పట్టించుకోకుండానే జరిగింది.

ముందు పుట్టుక సంగతి. అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్‌లో, లాక్‌హీడ్ షిప్‌బిల్డింగ్ యార్డులో 1966 ఆగస్టు 8న దీని నిర్మాణం మొదలైంది. 1968 ఆగస్టు 3న నీళ్లలోకి దింపారు. 1971 మార్చి 6న యూఎస్ఎస్ ట్రెంటన్ పేరుతో నౌకాదళంలో చేర్చుకున్నారు. న్యూజెర్సీ రాష్ట్ర రాజధాని పేరది. ఆస్టిన్ తరగతిలో కట్టిన పన్నెండు ఓడల్లో ఇది ఒకటి. పొడవు సుమారు 173 మీటర్లు, పూర్తి బరువుతో దాదాపు 17,000 టన్నులు. రెండు బాయిలర్లు, రెండు స్టీమ్ టర్బైన్లు కలిసి 24,000 హార్స్‌పవర్ ఇస్తాయి, వేగం 20 నాట్లకు (గంటకు సుమారు 37 కిలోమీటర్లకు) కాస్త పైన. వెయ్యి మంది దాకా సైనికులు పడతారు. కడుపులో నాలుగు పెద్ద ల్యాండింగ్ పడవలు, పైన వెనుక భాగమంతా హెలికాప్టర్లు దిగే ఫ్లైట్ డెక్. ఇంత పెద్ద ఓడకు సొంత ఆయుధాలు మాత్రం తక్కువే. తనను తాను కాపాడుకునేంత ఉంటే చాలు, మిగతా రక్షణ పక్కనుండే యుద్ధనౌకలు చూసుకుంటాయన్న లెక్కతో కట్టినది.

అమెరికా తూర్పు తీరంలోని నార్‌ఫోక్ దాని సొంత రేవు. అక్కడి నుంచి మధ్యధరా సముద్రానికీ కరీబియన్‌కూ తిరుగుతుండేది. 1983 అక్టోబర్‌లో లెబనాన్‌కు మెరైన్లను (ఓడల మీంచి తీరానికి దిగి పోరాడే సైనికులను) తీసుకెళ్తున్న ఓడల దండును దారి మళ్లించి గ్రెనడా దీవి మీద దాడికి పంపినప్పుడు ఆ దండులో ట్రెంటన్ కూడా ఉంది. 1988 ఏప్రిల్‌లో పర్షియన్ గల్ఫ్‌లో ఇరాన్ పెట్టిన మందుపాతర తగిలి ఒక అమెరికన్ ఫ్రిగేట్ (మధ్యరకం యుద్ధనౌక) దెబ్బతింది. నాలుగు రోజుల తర్వాత, 18వ తేదీన, అమెరికా ఎదురుదాడి చేసింది. రెండు డిస్ట్రాయర్ యుద్ధనౌకలతో కలిసి ట్రెంటన్ ఇరాన్‌కు చెందిన సస్సాన్ చమురు ప్లాట్‌ఫామ్ దగ్గరికి వెళ్లింది. ముందు హెచ్చరిక, తర్వాత కాల్పులు, ఆపైన ట్రెంటన్ నుంచి వెళ్లిన మెరైన్లు ప్లాట్‌ఫామ్ ఎక్కి పేలుడు పదార్థాలు అమర్చారు. ఆ రోజు ట్రెంటన్‌కు చెందిన కోబ్రా హెలికాప్టర్ ఒకటి కూలి అందులోని ఇద్దరూ చనిపోయారు. ఈ ఓడ చేసిన పనుల్లో యుద్ధం అని నిజంగా చెప్పుకోదగ్గవి ఈ రెండే అనవచ్చు.

దానికి అసలు పేరు తెచ్చింది మొగదిషు. 1991 జనవరి మొదటి వారం. ప్రపంచమంతా ఇరాక్ ఆక్రమించిన కువైట్ వైపు చూస్తోంది. అటు సోమాలియాలో సియాద్ బారె ప్రభుత్వం కుప్పకూలుతోంది. రాజధాని వీధుల్లో తుపాకులదే రాజ్యం. అమెరికా రాయబార కార్యాలయంలో సొంత సిబ్బందే కాక, దిక్కు తోచక వచ్చి తలదాచుకున్న ఇతర దేశాల వాళ్లూ ఉన్నారు. ఒమన్ తీరం దగ్గర ఉన్న ట్రెంటన్, గువామ్ అనే రెండు ఓడలను అటు పరుగెత్తించారు. ఓడలు చేరేదాకా ఆగితే ఆలస్యమవుతుందని, ఇంకా 460 మైళ్లకు పైగా దూరం ఉండగానే జనవరి 5 తెల్లవారుజామున ట్రెంటన్ డెక్ మీది నుంచి రెండు భారీ సూపర్ స్టాలియన్ హెలికాప్టర్లు లేచాయి. చీకట్లో, కింద సముద్రం తప్ప ఏమీ లేని చోట, గాల్లోనే ఇంధనం నింపుకుంటూ వెళ్లాయి. ఒక దశలో ఇంధనపు గొట్టం కారి లోపల కూర్చున్న మెరైన్లు తడిసిపోయారు. నగరం చేరాక ఇంకో తలనొప్పి: వాళ్లకిచ్చిన మ్యాపు పాతది, రాయబార కార్యాలయం వేరే చోటికి మారి చాలాకాలమైంది. వెతుక్కుని దిగారు. మొదటి విడతగా 61 మందిని ఎక్కించుకుని తిరిగొచ్చారు. ఈలోగా ఓడలు దగ్గరపడ్డాయి. ఆ రాత్రి గువామ్ నుంచి వెళ్లిన హెలికాప్టర్లు మిగతావాళ్లను తెచ్చాయి. మొత్తం 30 దేశాలకు చెందిన 281 మంది. ప్రచ్ఛన్న యుద్ధం పూర్తిగా ముగియని ఆ రోజుల్లో, అమెరికన్ హెలికాప్టర్‌లో బయటపడ్డ వాళ్లలో సోవియట్ రాయబారి కూడా ఉన్నారు. వాళ్లందరినీ మస్కట్‌లో దించారు.

ఆ తర్వాత 2006 జులైలో ఇజ్రాయెల్, హెజ్‌బొల్లా పోరులో బీరూట్ మీద బాంబులు పడుతుంటే అక్కడి అమెరికన్ పౌరులను తరలించిన ఓడల్లోనూ ట్రెంటన్ ఉంది. అమెరికా జెండాతో అది చేసిన ఆఖరి పెద్ద పని అదే. అప్పటికే దాన్ని భారత్‌కు అమ్మాలన్న మాట నడుస్తోంది.

ఇక్కడ మన వైపు కథ మొదలవుతుంది. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ మన నౌకాదళానికి రెండు విషయాలు ఒకేసారి చూపించింది. మొదటిది గర్వపడాల్సినది. సొంత తీరాలు దెబ్బతిని ఉండగానే శ్రీలంకకూ, మాల్దీవులకూ, ఇండోనేషియాకూ గంటల్లో, రోజుల్లో ఓడలు పంపగలిగాం. రెండోది నొప్పి కలిగించేది. వెళ్లిన చోట సరుకు దించడానికి దారి లేదు. అండమాన్ నికోబార్ దీవుల్లో జెట్టీలు విరిగిపోయాయి, కార్ నికోబార్ వైమానిక స్థావరం నాశనమైంది. జెట్టీ లేనిదే మామూలు ఓడ ఒడ్డుకు రాదు. మన దగ్గరున్న పెద్ద ల్యాండింగ్ షిప్పులంటే మగర్, ఘడియాల్. ఈ రెండోదాని దేహాన్ని (హల్) కట్టింది వైజాగ్ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. ఇవి ముక్కు ఇసుకలో గుచ్చి, ముందు తలుపులు తెరిచి సరుకు దించే రకం. సుమారు 5,600 టన్నులు. అవి బీచ్ దాకా రావాలి. ఇసుక వాలు సరిపోవాలి, అలలు తగ్గి ఉండాలి, దిబ్బలూ రాళ్లూ ఉండకూడదు. సునామీ తర్వాత ఏ బీచ్ ఎలా మారిందో ఎవరికి తెలుసు?

వెల్ డెక్ ఉన్న ఓడకు ఈ బాధ లేదు. దూరంగా లోతు నీళ్లలోనే ఉండి పడవల్నీ హెలికాప్టర్లనూ పంపుతుంది. ఇండోనేషియాలోని ఆచే తీరంలో అమెరికా పెద్ద ఓడలు అదే చేశాయి, మన నౌకాదళం అధికారులు దాన్ని దగ్గర నుంచి చూశారు. మంచినీళ్లు, వైద్య సదుపాయం, వందల మందికి పడకలు, వంటశాల, అన్నీ ఓడలోనే. తేలే ఊరు లాంటిది. అలాంటిది కొత్తగా కట్టుకోవాలంటే డిజైన్, టెండర్లు, నిర్మాణం కలిపి పదేళ్లు ఎటూ పోవు. కొనుక్కుంటే రెండేళ్లు.

రాజకీయ వాతావరణం కూడా కలిసొచ్చింది. 2005 జూన్‌లో రక్షణ మంత్రి ప్రణబ్ ముఖర్జీ, అమెరికా రక్షణ మంత్రి డొనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ వాషింగ్టన్‌లో పదేళ్ల రక్షణ సహకార ఒప్పందం మీద సంతకాలు చేశారు. భారత్, అమెరికా అణు ఒప్పందం చర్చ అప్పుడే వేడెక్కుతోంది. ఆయుధాలంటే రష్యా అనే అలవాటున్న దేశానికి అమెరికా నుంచి ఒక పెద్ద ఓడ రావడం రెండు రాజధానులకూ కావాల్సిన సంకేతం. ఇప్పటికీ అమెరికా నుంచి మన నౌకాదళానికి వచ్చిన ఓడ ఇదొక్కటే.

ధర 4.84 కోట్ల డాలర్లు. అప్పటి మారకం రేటులో దాదాపు 200 కోట్ల రూపాయలు. 17,000 టన్నుల ఓడకు అది నిజంగానే తక్కువ. దాని మీద ఎగరడానికి ఆరు యూహెచ్-3హెచ్ సీకింగ్ హెలికాప్టర్లకు విడిగా 3.9 కోట్ల డాలర్లు. ఏనుగునిచ్చినమ్మ అంకుశం ఇవ్వదా అంటారు గానీ, ఇక్కడ అంకుశానికి వేరే బిల్లు వేశారు, అదీ ఏనుగు ధరకు కాస్త తక్కువగా! ఈ లెక్కలోనే అసలు విషయం ఉంది. ఓడ చవగ్గా రావడానికి కారణం అది సర్వీసు చివరికి వచ్చేయడమే. దాని శరీరం 1960ల నాటి డిజైన్, గుండె ఆవిరి యంత్రం. అమెరికా నౌకాదళం కొత్త శాన్ ఆంటోనియో తరగతి డీజిల్ ఓడలను తెచ్చుకుంటూ ఆస్టిన్ తరగతిని ఒక్కొక్కటిగా వదిలించుకుంటోంది.

ఆవిరి ఓడ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. డీజిల్ ఇంజన్‌ను ఆన్ చేసినట్టు దాన్ని ఆన్ చేయలేం. బాయిలర్ వెలిగించాలి, ఒత్తిడి రావాలి, పైపులు వేడెక్కాలి. గంటల పని. వాల్వులూ కీళ్లూ వందల సంఖ్యలో ఉంటాయి. ఎక్కడ కారినా ప్రమాదమే. బాయిలర్‌లోకి పోయే నీరు అతి శుభ్రంగా ఉండాలి. మెషినరీ గదుల్లో ఎండాకాలం విజయవాడ గుర్తొచ్చేంత వేడి. దీన్ని నడపడానికి మనుషులు ఎక్కువ కావాలి, పైగా ఆ విద్య తెలిసినవాళ్లు కావాలి. అయితే ఇది మనవాళ్లకు కొత్త కాదు. విమానవాహక నౌక విరాట్ ఆవిరితో నడిచిందే, పాత నీలగిరి తరగతి ఫ్రిగేట్లూ అంతే. సీకింగ్ కూడా 1970ల నుంచి మన దగ్గర ఎగురుతున్నదే, కాకపోతే అవి బ్రిటన్‌లో తయారైనవి. అందువల్ల పాత ఓడ, పాత హెలికాప్టర్ అని తీసిపారేయడం అంత తేలిక కాదు. నడపగల చేతులు ఇక్కడ ఉన్నాయి. అమెరికాలోనేమో ఆ తరం రిటైరవుతోంది.

మన సిబ్బంది ముందుగానే నార్‌ఫోక్ వెళ్లి అమెరికన్ సిబ్బంది పక్కన నిలబడి పని నేర్చుకున్నారు. దీన్ని 'హాట్ ట్రాన్స్‌ఫర్' అంటారు. ఓడను చల్లార్చి, తాళం వేసి, తర్వాత ఎప్పుడో అప్పగించడం కాదు, నడుస్తున్న ఓడను చేతి నుంచి చేతికి మార్చడం. 2007 జనవరి 17న ట్రెంటన్ మీద అమెరికా జెండా దించారు, అదే రోజు మనవాళ్లు స్వాధీనం చేసుకున్నారు. తర్వాత ఐదు నెలలు అక్కడే మరమ్మతులు, శిక్షణ. జూన్ 22న నార్‌ఫోక్‌లోనే అమెరికాలో మన రాయబారి రోనెన్ సేన్ చేతుల మీదుగా ఐఎన్ఎస్ జలాశ్వగా నౌకాదళంలో చేరింది. తొలి కమాండింగ్ ఆఫీసర్ కెప్టెన్ బి.ఎస్. అహ్లువాలియా. ఓడ మీద ఎల్-41 అన్న సంఖ్య పడింది. సెప్టెంబర్‌లో విశాఖపట్నం చేరింది. అప్పటికి మన యుద్ధనౌకల్లో విరాట్ తర్వాత అతి పెద్దది ఇదే.

విశాఖనే ఎందుకు? తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడ ఉంది, డాక్‌యార్డ్ ఉంది, అసలు అవసరం ఉన్న దీవులు ఇటువైపే ఉన్నాయి. పడవల్ని బీచ్‌కు దించే సాధనకు కాకినాడ తీరం దగ్గర్లోనే ఉంది. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండటంతో ఆ అఖాతం మిగతా కోస్తా కన్నా నెమ్మదిగా ఉంటుంది. హెలికాప్టర్లకు నౌకాదళం వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగ ఎలాగూ విశాఖలోనే. 2009 మార్చిలో ఆ ఆరు సీకింగ్‌లతో 350వ స్క్వాడ్రన్ (హెలికాప్టర్ల దళం) అక్కడే మొదలైంది. గమనించాల్సింది ఇది: ఓడ వచ్చిన ఏడాదిన్నర తర్వాత గానీ దాని హెలికాప్టర్లకు స్క్వాడ్రన్ ఏర్పడలేదు. ఇలాంటి ఓడ బలం సగం పైనుండే డెక్‌ది. ఆ స్క్వాడ్రన్ లేకుండా మొదటి ఏడాదిన్నరలో జలాశ్వ సామర్థ్యాన్ని పూర్తిగా అంచనా వేయడం కుదరని పని.

ఆ ఏడాదిన్నరే దానికి అన్నిటికన్నా కష్టకాలం. 2008 ఫిబ్రవరి మొదట్లో, బంగాళాఖాతంలో విన్యాసాలు జరుగుతుండగా ఓడ లోపల విషవాయువు లీకై సిబ్బందిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఓడ సర్వీసులో చేరి ఎనిమిది నెలలు కూడా కాలేదు. ఏ పాత ఓడలోనైనా మూసిన గదులు, మురుగు ట్యాంకులు, ఎన్నాళ్లుగానో నీరు నిలిచిన చోట్లు ఉంటాయి. అలాంటి చోట హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని ధైర్యపడ్డవాడే పడిపోతాడు. ఊళ్లలో మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్లను, వాళ్లను కాపాడబోయి దిగినవాళ్లను కూడా బలి తీసుకునేది ఇదే వాయువు.

మరుసటి నెలలోనే ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చింది. ప్రమాదానికీ దానికీ నేరుగా సంబంధం లేదు, ఆడిట్ అంతకుముందే మొదలై ఉంటుంది. కానీ పత్రికల్లో రెండూ ఒకే వార్తగా కలిసిపోయాయి. కాగ్ చెప్పిందాంట్లో బరువున్న మాటలు ఉన్నాయి. ఓడను సరిగా పరీక్షించి అంచనా వేయకుండానే హడావుడిగా కొన్నారన్నది ఒకటి. అమెరికా నౌకాదళమే 2003లో దీన్ని ఆధునికీకరించడం దండగ అని తేల్చి, 2006లో పక్కన పెట్టాలని అనుకుందన్నది ఇంకొకటి. అన్నిటికన్నా ఎక్కువ మంట రేపింది షరతుల సంగతి: ఓడను దాడికి పంపకూడదనీ, అమ్మినవాళ్లు వచ్చి తనిఖీ చేసుకోవచ్చనీ ఒప్పందంలో ఉందని.

వామపక్షాల మద్దతుతో నడుస్తున్న ప్రభుత్వం, మధ్యలో అణు ఒప్పందం పేచీ. ఇక ఈ మాట ఎంత దూరం పోయిందో చెప్పనక్కర్లేదు. మన డబ్బుతో కొన్న ఓడను మన ఇష్టం వచ్చినట్టు వాడుకోకూడదంటే అది కొనుగోలా, అద్దెకు తెచ్చుకోవడమా అన్నారు. ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే తనిఖీ షరతు జలాశ్వ కోసమే పుట్టింది కాదు. అమెరికా చట్టం ప్రకారం ఎవరికి ఆయుధం అమ్మినా దాన్ని వేరే చోటికి మళ్లించలేదని చూసుకునే ఏర్పాటు ఉంటుంది. అంతకుముందు మనం అక్కడ పెద్దగా ఏమీ కొనలేదు కాబట్టి ఆ ముల్లు మనకు గుచ్చుకోలేదు. పెద్ద ఓడ కొనగానే గుచ్చుకుంది. ప్రతి ఒప్పందానికీ ఇదే గొడవ రాకుండా 2009 జులైలో, అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఢిల్లీ వచ్చినప్పుడు, రెండు దేశాలూ ఈ తనిఖీల మీద ఒక ఉమ్మడి వాక్యరూపానికి ఒప్పుకున్నాయి. తర్వాత అమెరికా నుంచి పీ-8ఐ గస్తీ విమానాలూ, సీ-130జె, సీ-17 రవాణా విమానాలూ వచ్చాయి. అంటే ఆ కొనుగోళ్ల బాటలో మొదటి రాయి తగిలించుకున్నది జలాశ్వ.

కాగ్, నౌకాదళం ఎడమొహం పెడమొహంగా కనిపించడానికి కారణం వాళ్లు వేసుకున్న ప్రశ్నలు వేరు కావడం. కాగ్ అడిగింది ఆడిటర్ ప్రశ్న: ఈ డబ్బుకు ఈ ఓడ ఎన్నేళ్లు వస్తుంది, ముందే చూసుకున్నారా? నౌకాదళం వేసుకున్నది కెప్టెన్ ప్రశ్న: రేపు ఇంకో సునామీ వస్తే మన దగ్గర ఏముంది? మొదటి ప్రశ్నకు సమాధానం అప్పట్లో కాగ్ వైపే మొగ్గింది. పాత ఓడ మరమ్మతులకు ఖర్చయ్యే డబ్బు, రోజులు కొన్న ధరలో కనిపించవు. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నవాళ్లందరికీ తెలిసిన లెక్కే ఇది. పద్ధతి విషయంలో, అంటే పరీక్ష చేయకుండా తొందరపడటం విషయంలో, కాగ్‌ను తప్పుపట్టలేం. కానీ రెండో ప్రశ్నకు జవాబు కాగితాల్లో లేదు, ఓడ ఆ తర్వాత చేసిన పనిలో ఉంది.

దాడి చేయకూడదన్న షరతు కూడా అలాగే తేలిపోయింది. రద్దయిందని కాదు, తగలాల్సిన సందర్భమే రాలేదు. 2011లో లిబియాలో గడాఫీ మీద తిరుగుబాటు లేచినప్పుడు అక్కడి భారతీయుల కోసం పంపిన ఓడల్లో జలాశ్వ ఉంది. ఆ తరలింపులో ఎక్కువ పని విమానాలూ, అద్దెకు తీసుకున్న ప్రయాణికుల ఓడలూ చేశాయి. భారత తీరం నుంచి మధ్యధరా చేరేసరికే రోజులు గడిచిపోతాయి. 20 నాట్ల ఓడకు అది పుట్టుకతో వచ్చిన పరిమితి. అయినా నౌకాదళానికి ఆ ప్రయాణం ఒక పాఠం: సొంత సముద్రానికి ఆవల, వందల మందిని ఎక్కించుకునే స్థలంతో, నెలల తరబడి తిరగగల ఓడ చేతిలో ఉందని.

ఆ పాఠం పూర్తిగా అక్కరకొచ్చింది 2020లో. కరోనా లాక్‌డౌన్‌తో విమానాలు ఆగిపోయిన వేళ, మే 8న జలాశ్వ మాలె రేవు నుంచి 698 మంది భారతీయులతో బయలుదేరి 10న కొచ్చి చేరింది. అందులో 19 మంది గర్భిణులు. సైనికుల బంకుల్లో కుటుంబాలు పడుకున్నాయి. ఒకరికొకరు దూరంగా ఉండాలన్న నియమం ఉన్నా దాదాపు ఏడు వందల మందికి చోటు దొరికింది. ఆ తర్వాత మళ్లీ మాలెకు, కొలంబోకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్‌కు కూడా వెళ్లింది. సముద్ర సేతు పేరుతో నడిచిన ఆ కార్యక్రమంలో జలాశ్వ, ఐరావత్, శార్దూల్, మగర్ నాలుగూ కలిసి 55 రోజుల్లో 3,992 మందిని తెచ్చాయి. మొగదిషు నుంచి 281 మంది, మాలె నుంచి ఒక్క విడతలో 698 మంది. మధ్యలో దాదాపు ముప్పై ఏళ్లు, రెండు జెండాలు, ఓడ ఒక్కటే. కడుపు ఖాళీగా, డెక్ వెడల్పుగా, వంటగది పెద్దగా ఉన్న ఓడకు ఈ పని దానంతటదే వచ్చి పడుతుంది.

అలా అని సైన్యాన్ని దించే అసలు విద్యను పక్కన పెట్టారని కాదు. నిజానికి జలాశ్వ వల్ల మనకు కలిగిన పెద్ద లాభం అక్కడే ఉందనిపిస్తుంది, అయితే అది లెక్కల్లో చూపించడం కష్టం. వెల్ డెక్‌తో పనిచేయడం అన్నది చదివి నేర్చుకునేది కాదు. ఓడ తోకను ఎంత ముంచాలి, అల ఎత్తు ఎంత దాటితే గేటు తెరవకూడదు, ఊగుతున్న పడవను ఆ గుహలోకి గోడలకు తగలకుండా ఎలా తీసుకురావాలి, లోపల లారీల ఇంజన్లు నడుస్తుంటే పొగ ఎటు పోవాలి, సైన్యం బండ్లను ఏ వరసలో ఎక్కిస్తే దించేటప్పుడు ముందు కావాల్సింది ముందు వస్తుంది, ఇవన్నీ చేసి చెడగొట్టి మళ్లీ చేస్తేనే వస్తాయి. 2007కు ముందు మన నౌకాదళంలో ఈ విద్యకు ఓడే లేదు. పదాతిదళం జవాన్లకు సముద్రం మీద పూటల తరబడి ఉండి, వాంతులు చేసుకుంటూ, తెల్లారి పడవ దిగి ఇసుకలో పరుగెత్తడం అలవాటు చేసిందీ ఈ ఓడే. 2019 నవంబర్‌లో 'టైగర్ ట్రయంఫ్' పేరుతో విశాఖ, కాకినాడల్లో భారత్, అమెరికా త్రివిధ దళాలు కలిసి చేసిన తొలి విపత్తు సహాయ విన్యాసాల్లో, అమెరికా ఓడ జర్మన్‌టౌన్ పక్కన జలాశ్వ నిలబడింది. అమెరికన్లకు తమ పాత ఓడ మీద వేరే జెండా చూడటం ఎలా అనిపించిందో గానీ, పన్నెండేళ్లకు రెండు సిబ్బందులూ ఒకే భాషలో వెల్ డెక్ గురించి మాట్లాడుకోగలిగారు.

దాని తోబుట్టువులు అమెరికాలో ఒక్కొక్కటీ వెళ్లిపోయాయి. ఆస్టిన్ తరగతిలో చివరగా పనిచేసిన పాన్స్‌ను 2017లో పక్కన పెట్టారు. జలాశ్వతో వచ్చిన సీకింగ్‌లు 2024 జూన్‌లో ఐఎన్ఎస్ డేగలో వీడ్కోలు తీసుకున్నాయి. ఓడ మాత్రం ఇంకా తిరుగుతోంది. 2008లో కాగ్ వేసిన 'ఎన్నేళ్లు వస్తుంది' అన్న ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు వస్తుందని అప్పుడు ఎవరూ అనుకొని ఉండరు.

ఇన్నేళ్లు లాగాల్సి రావడం మెచ్చుకోవాల్సిన విషయమా అంటే, సగమే. ఇది దారి చూపే ఓడగా వచ్చింది, దీని వెనకే సొంతంగా నాలుగు కట్టుకోవాలన్నది ఆలోచన. 2013లో టెండర్లు పిలిచారు. ప్రైవేటు యార్డుల్లో గెలిచినవాళ్లు రెండు కడితే, అదే ధరకు మిగతా రెండూ విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టాలన్నది లెక్క. గడువులు పొడిగిస్తూ, పోటీదారులు ఒక్కొక్కరుగా దివాలా తీస్తూ చివరికి 2020లో ఆ టెండరే రద్దయింది. 2021 ఆగస్టులో నౌకాదళం నాలుగు ఓడల కోసం మళ్లీ మొదటి మెట్టు నుంచి, సమాచారం కోరుతూ ప్రకటన ఇచ్చింది. జలాశ్వకు అంతకు ఐదు నెలల ముందే యాభై ఏళ్లు నిండాయి.